పాలేరు చదువుకున్నాడు సరే, రాత్రి ఎక్కడ పడుకున్నాడు?

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. ఆసామి ఇంట్లో గొడ్డుచాకిరీ చేసే కుర్రాడు చదువు పట్టుకుని, ఆఫీసరై తిరిగొస్తాడు. గోదావరి జిల్లాల పేటల్లో ఆ నాటకాన్ని ఊరూరా ఆడారు. అది చూసి పాలేర్లు పని మానేసి బళ్లో చేరారని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. చెప్పేటప్పుడు రెండే రెండు బొమ్మలు చూపిస్తారు. చేతికర్ర పట్టుకున్న పాలేరు ఒకటి, కుర్చీలో కూర్చున్న ఆఫీసరు ఇంకొకటి. ఈ రెంటి మధ్యా పదేళ్లో పన్నెండేళ్లో ఉన్నాయి గదా. ఆ పదేళ్లూ ఆ కుర్రాడు ఎక్కడ తిన్నాడు, ఎవరి పక్కన పడుకున్నాడు, ఎవరు కొట్టారు, అర్ధరాత్రి ఎవరు లేపారు అనేది ఎవరూ చెప్పరు. భీమన్నగారిని ఆ ప్రశ్న అడగడం అన్యాయం. ఆనాటికి కావలసింది తలుపు తెరవడం. తెరిచారు. ఆ తరవాత వచ్చిన దళిత సాహిత్యం ఆ తలుపు లోపలికి తొంగి చూసిందా, చూస్తే ఎంతమేరకు చూసింది అన్నదే ఈ వ్యాసం.

లోపల అంటే హాస్టలు. పెద్ద పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా ముందు హాస్టలు మనది అనే మాట ఒప్పుకుని మొదలుపెడదాం. అగ్రకులాలవాళ్లు దయతో కట్టించింది కాదది. అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాక, మరుసటేడు మొదట్లోనే షోలాపూర్‌లో హాస్టలు తెరిచారు. సభ పెట్టగానే చేసిన మొదటి పనుల్లో అదొకటి. కొల్హాపూర్‌లో సాహూ మహరాజ్ అంతకు ముందే హాస్టళ్ల దారి పట్టారు. బడిలో సీటిచ్చినా ఊళ్లో ఇల్లు అద్దెకివ్వరు, ఇచ్చినా బావిలో నీళ్లు తోడుకోనివ్వరు. కాబట్టి చదువు హక్కు అనేది పడుకునే చోటుతో ముడిపడి ఉందని వాళ్లు గ్రహించారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బడికి సొంత గోనెపట్టా మోసుకెళ్లిన సంగతీ, ప్యూను లేకపోతే నీళ్లు లేకపోవడమూ అంబేద్కర్ స్వయంగా రాసుకున్నారు. ఒక సంస్థ చేతిలో పిల్లవాడిగా తాను పడిన హింసకు, పెద్దయ్యాక తానే చెప్పిన సాక్ష్యం అది. ఈ వ్యాసం ఎవరి గురించి మాట్లాడుతుందో ఆ వరసలో ఆయనే ముందున్నారని గుర్తుపెట్టుకోవాలి.

ఇంక కోనసీమ సంగతి. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల లంకల్లో పుట్టిన పిల్లలకి హాస్టలు విలాసం కాదు. గౌతమి, వశిష్ట, వైనతేయ పాయలు దాటాలి. రేవులో పంటు ఆగిపోతే బడి ఆగిపోతుంది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక జెండా మారిందంటే లంకలోంచి పడవ తప్ప దారుండదు. దానికి తోడు ఇంకో సంగతి ఈ ప్రాంతానికి ప్రత్యేకం. మన పేటల్లోంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయి వెళ్లడం ఒక తరంనించీ నడుస్తోంది. తల్లి గల్ఫులో ఇంకొకరి బిడ్డలకి స్నానాలు చేయిస్తుంటే, ఆమె బిడ్డలు ముసలమ్మ దగ్గరో, ప్రభుత్వ హాస్టల్లోనో, చర్చివాళ్ల బోర్డింగులోనో పెరుగుతారు. ఈ పిల్లలకి ఏదన్నా జరిగితే చెప్పుకోడానికి అమ్మ ఉన్న చోటు వేల కిలోమీటర్ల దూరం. వారానికోసారి ఫోను. ఆ ఫోనులో ఎవరు ఏడుస్తారు? ‘బాగున్నానమ్మా’ అంటారు. అమ్మ కూడా ‘బాగున్నాను నాన్నా’ అంటుంది. రెండు వైపులా అబద్ధమే.

నేను చదివినంతలో మన కవిత్వమూ, కథా హాస్టలు ఆకలిని బాగానే చెప్పాయి. నీళ్ల సాంబారు, పురుగుల అన్నం, కప్పు కారే గది, చిరిగిన దుప్పటి, ట్రంకుపెట్టె మీద తల పెట్టుకుని చదివిన చదువు. సగం మంది దళిత రచయితల ఆత్మకథల్లో ఒక అధ్యాయం ఇదే. అయితే ఆకలి చెప్పుకోడానికి సిగ్గుపడక్కర్లేని విషయం. నేరం ప్రభుత్వానిది, వ్యవస్థది. కొట్టిన దెబ్బల్ని కూడా చెప్పుకున్నాం, కాస్త నవ్వు కలిపి. ‘మా వార్డెను బెత్తం తగిలితే గానీ నాకు లెక్కలు రాలేదు’ అని సభల్లో చెబితే చప్పట్లు కొడతాం. ఒంటి మీద చెయ్యి పడిన సంగతి వచ్చేసరికి మాత్రం మాట ఆగిపోతుంది. మగపిల్లల విషయంలో మరీ. ఆడపిల్ల గురించయితే జాలిగానో, పుకారుగానో ఒక మాటన్నా పుడుతుంది. మగపిల్లాడికి జరిగిందానికి మన భాషలో బూతు జోకు తప్ప మరో మాట లేదు. దీన్ని నేను సాహిత్య సమస్యగానే చూస్తున్నాను. మాట లేనప్పుడు ఫిర్యాదు ఎలా పుడుతుంది?

గోగు శ్యామల కథ ఒకటి ఇక్కడ చూడాలి. ఇంగ్లీషులోకి ‘రా వూండ్’ అనే పేరుతో వెళ్లింది. కూతుర్ని జోగినిగా వదలాలని ఊరి పెద్దలు పట్టుబడితే, తండ్రి దెబ్బలకీ, భూమి పోవడానికీ సిద్ధపడి పిల్లని హాస్టల్లో చేరుస్తాడు. తెలుగులో హాస్టలు మీద వచ్చిన గొప్ప కథల్లో అదొకటని నా నమ్మకం. ఊరే ఒక సంస్థ, గుడే ఒక సంస్థ, పిల్ల శరీరాన్ని రాసిచ్చే ఆచారం ఆ సంస్థకి రాజ్యాంగం. దాన్నుంచి పారిపోడానికి హాస్టలు తలుపు ఒక్కటే ఉంది. ఈ నిజాన్ని ఎవరూ కాదనలేరు. కథ తలుపు దగ్గర ఆగడం కూడా న్యాయమే. కాకపోతే మన విమర్శకులు ఆ ఆగడాన్ని ముగింపు అనుకున్నారు. తలుపు లోపలికి వెళ్లిన పిల్లకి ఇంక అంతా క్షేమం అని తేల్చేశారు. కథ ఆ మాట అనలేదు. మనం అనుకున్నాం.

తమిళంలో బామ ‘కరుక్కు’ 1992లో వచ్చింది. ఆమె నన్‌గా కొన్నేళ్లు ఉండి, మఠం వదిలి బయటికొచ్చాక రాసిన పుస్తకం. పేద దళిత పిల్లల పేరు చెప్పి నడిచే సంస్థల్లో దళిత పిల్లల చేత ఊడిపించడం, కడిగించడం, వాళ్లని చులకన చెయ్యడం ఎలా సాగుతుందో లోపలి మనిషిగా రాశారు. పుస్తకం వచ్చిన కొత్తలో ముందు కోపం తెచ్చుకున్నది మఠంవాళ్లు కాదు, ఆమె సొంత ఊరివాళ్లు. కొన్నాళ్లు ఆమె ఊరెళ్లలేని పరిస్థితి. తరవాత ఆ ఊరి కుర్రాళ్లే చదివి పెద్దలకి నచ్చజెప్పారంటారు. సంస్థ గురించి నోరు విప్పిన మనిషికి మొదటి దెబ్బ బయటినించి రాదు. ఇంట్లోంచే వస్తుంది. తెలుగులో ‘కరుక్కు’ లాంటిది హాస్టలు మీద ఎందుకు రాలేదు అని అడిగేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేనూ హాస్టలు కుర్రాణ్ణే. ఏ హాస్టలో ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో మా గదిలో ఎనిమిది మందిమి. ఒక కుర్రాణ్ణి రాత్రిపూట సీనియరు వచ్చి పిలుచుకుపోయేవాడు. ‘సారుగారు పిలుస్తున్నారు’ అనేవాడు. మిగతా ఏడుగురం కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకునేవాళ్లం. తెల్లారి ఆ కుర్రాణ్ణి చూసి ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. జాలి వల్ల కాదు, రేపు మన వంతు వస్తుందేమోనన్న భయం వల్ల. ఏడాది తిరక్కుండా వాడు చదువు మానేసి కొబ్బరి దింపులకి పోయాడు. వాళ్లమ్మ మా అమ్మతో ‘ఈడికి చదువబ్బలేదు వదినా’ అని చెప్పుకుంది. మన లెక్కల్లో డ్రాపవుటు అనే గడి ఉంటుంది. ఆ గడిలో పడ్డవాళ్లెవరినీ ఎందుకు మానేశావురా అని మనం సరిగా అడగలేదు. చదువు గొప్పదనం మీద వ్యాసాలు రాసిన నాలాంటివాడు అడగనే లేదు.

ఇది మన ఒక్కరి ఊహ కాదని చెప్పడానికి ఒక లెక్క చాలు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో పిల్లల మీద హింస గురించి సర్వే ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదుర్కొన్నామని 53.22 శాతం మంది చెప్పారు. మగపిల్లలు ఇందులో తక్కువేమీ కాదు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లూ, నమ్మకం గల స్థానాల్లో ఉన్నవాళ్లూ. చాలామంది ఎవరికీ చెప్పుకోలేదు. ఈ నివేదిక వచ్చినప్పుడు దళిత సంఘాల వేదికల మీద దీని గురించి ఒక్క రోజు చర్చ జరిగినట్టు నాకు గుర్తులేదు. అది ‘పిల్లల హక్కులవాళ్ల’ సబ్జెక్టు అనుకున్నాం. ఆ సబ్జెక్టు మన పేటలోనే పడుకుని ఉంది.

ఈ పని బాధితులే ముందుండి చేసిన చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. బాధితులు అనే మాట నాకు నచ్చదు, మన పత్రికల్లో మరో మాట లేదు గాబట్టి వాడుతున్నారు. బాధితుడు అంటే అక్కడే పడి ఉన్నవాడు. నేను బతికొచ్చినవాళ్లు అంటాను.

ఐర్లండులో ఇండస్ట్రియల్ స్కూళ్లని ఉండేవి. పేరుకు స్కూళ్లు. పేదవాళ్ల పిల్లల్నీ, పెళ్లికాని తల్లుల పిల్లల్నీ కోర్టులే అందులోకి పంపేవి. నడిపేది క్రైస్తవ మఠాలు, డబ్బిచ్చేది ప్రభుత్వం. తలకింత చొప్పున. తలలెక్కువైతే డబ్బెక్కువ. మన హాస్టళ్ల మెస్ చార్జీల లెక్క తెలిసినవాళ్లకి దీని మర్మం వేరే చెప్పక్కర్లేదు. హాజరుపట్టీలో పేరు ఉండాలి, పళ్లెంలో అన్నం ఉండక్కర్లేదు. పిల్లవాడు రూపాయల్లోకి మారిన చోట వాడి మాటకి విలువ పడిపోతుంది. ఎందుకంటే వాడు మాట్లాడితే రూపాయలు ఆగుతాయి.

అక్కడ గోల్డెన్‌బ్రిడ్జి అనే అనాథశాలలో పెరిగిన క్రిస్టీన్ బక్లీ 1996లో ‘డియర్ డాటర్’ అనే డాక్యుమెంటరీలో తన కథ చెప్పింది. నమ్మినవాళ్లు ఉన్నారు, అబద్ధాలకోరు అని తిట్టినవాళ్లూ ఉన్నారు. అయితే టీవీ స్టేషనుకీ, ఆమెకీ ఫోన్లు మొదలయ్యాయి. ‘నాకూ అంతే’ అని. 1999లో మేరీ రాఫ్టెరీ తీసిన ‘స్టేట్స్ ఆఫ్ ఫియర్’ టీవీ వరస ఆ నిప్పుని ఎగదోసింది. అదే ఏడాది మే 11న ఆ దేశ ప్రధాని ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. కమిషను వేశారు. 2009లో రయాన్ నివేదిక అయిదు సంపుటాల్లో వచ్చింది. మగపిల్లల సంస్థల్లో లైంగిక హింస అనేది తీగల్లా అల్లుకుపోయి ఉందని తేల్చింది.

ఈ కథని మనవాళ్లకి చెప్పేటప్పుడు ఇక్కడితో ఆపేస్తే అది పురాణం అవుతుంది. తరవాతి సంగతులే మనకి కావాలి. క్రిస్టియన్ బ్రదర్స్ అనే మఠం కోర్టుకెళ్లడంతో, నివేదికలో నేరస్తుల పేర్లు రాయకూడదని కమిషను ఒప్పుకుంది. అయిదు సంపుటాలు, పేర్లు మాత్రం లేవు. నష్టపరిహారం కోసం 2002లో పెట్టిన బోర్డు దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు ఆ సంగతి వివరాలతో బయటపెడితే శిక్ష. చిన్నప్పుడు నోరు మూయించినవాళ్లే పెద్దయ్యాక చెక్కు ఇచ్చి మళ్లీ నోరు మూయించారని బతికొచ్చినవాళ్లు అన్నారు. వాళ్లు తేవాలనుకున్నది ఒకటి, ప్రభుత్వం లాయర్ల చేతుల్లోంచి బయటికి వచ్చింది ఇంకొకటి. ‘కమిషను వెయ్యాలి’ అని మనం చేసే డిమాండు వెనక ఎవరు ఉండాలో, ఎవరి చేతిలో కలం ఉండాలో ముందే తేల్చుకోకపోతే మనకీ అదే గతి.

కెనడాలో ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్లు. లక్షా యాభై వేల మంది పిల్లలు వాటి గుండా నడిచారు. అక్కడి ఆదివాసీ నాయకుడు ఫిల్ ఫాంటేన్ 1990లో, ‘నన్నూ అలాగే చేశారు’ అని బహిరంగంగా చెప్పాడు. నాయకుడు చెప్పడం ఇక్కడ ముఖ్యం. పదవిలో ఉన్న మనిషి, రేపు జనం మధ్య తలెత్తుకు తిరగాల్సిన మనిషి చెప్పాడు. ఆ తరవాత వేల కేసులు పడ్డాయి. అన్నీ కలిపి 2007లో ఒప్పందం అమల్లోకి వచ్చింది. స్కూల్లో ఉన్నందుకే మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపైన ప్రతి ఏడాదికీ 3,000. దెబ్బలకీ, లైంగిక హింసకీ వేరే విచారణ. నిజం కోసం వేసిన కమిషను 2015లో 94 పిలుపులతో నివేదిక ఇచ్చింది. మనలాంటి పరిశోధకులు చదవాల్సింది 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు. విచారణలో చెప్పిన సాక్ష్యాల కాగితాలు ఎవరివి? చరిత్ర కోసం దాచాలని ప్రభుత్వం, ఆర్కైవు అడిగాయి. చెప్పిన మనిషి దాచమంటే దాచాలి, లేకపోతే పదిహేనేళ్లు ఆగి నాశనం చెయ్యాలని కోర్టు తేల్చింది. మనం టేపురికార్డరు పట్టుకుని పేటలోకి వెళ్లి ‘జీవితచరిత్రలు’ సేకరించినప్పుడు ఎవరినన్నా ఇలా అడిగామా? సాక్ష్యం చెప్పిన అమ్మకి పుస్తకం కాపీ అయినా ఇచ్చామా? పరిశోధన చేసేవాడి బీరువా కూడా ఒక సంస్థే గదా.

ఇవన్నీ తెల్లవాళ్ల దేశాల సంగతులు, మనకేంటి అనేవాళ్లకి చుండూరు చెబుతాను. 1991 ఆగస్టు 6 తరవాత ఆ ఊరి దళితులు పట్టుబట్టింది పరిహారం గురించి మాత్రమే కాదు. కోర్టు మా ఊరికి రావాలి అన్నారు. వచ్చింది. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007లో 21 మందికి జీవితఖైదు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది, అది వేరే దుఃఖం. అయినా న్యాయం ఎక్కడ కూర్చోవాలో చెప్పే అధికారం మాది అని బతికొచ్చినవాళ్లు నిలబెట్టిన మాట పోలేదు. తెలంగాణలో జోగినిలుగా వదలబడ్డ స్త్రీలే సంఘాలు కట్టి, ఇంకో పిల్లని వదలకుండా జాతర్ల దగ్గర నిలబడ్డారు. 1988 నాటి చట్టం కాగితం మీద ఉంటే దానికి కాళ్లు ఇచ్చింది వాళ్లు. ఇదంతా మన ఉద్యమ సంప్రదాయమే, అరువు తెచ్చుకున్నది కాదు.

ఇంకా చిన్నవాళ్లున్నారు. గురుకులాల పిల్లలు తెల్లారకుండా గేటు దాటి, వరసగా రోడ్డున నడిచి, కలెక్టరాఫీసు ముందు కూర్చున్న వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. పేపర్లో ‘భోజనం బాగోలేదని విద్యార్థుల ధర్నా’ అని రాస్తారు. ప్రిన్సిపాలుని మారుస్తారు, లేదా మార్చకుండానే సర్ది పంపుతారు. పిల్లలు ఏం చెప్పాలనుకున్నారో పూర్తిగా ఎవరు విన్నారు? అన్నం గురించి చెప్పడం సులువు. అన్నం పేరు చెప్పి నడిచినవాళ్ల మనసులో ఇంకేం ఉందో అడగాలంటే తలుపేసుకుని, తీరిగ్గా, ఆడపిల్లల దగ్గర ఆడమనిషి కూర్చుని అడగాలి. అలా నడిచి వచ్చిన పిల్లలు మన సాహిత్య విమర్శలో ఇంకా పాత్రలు కాలేదు.

చట్టం సంగతి కాస్త విడమర్చి చెప్పాలి, కార్యకర్తలకి పనికొస్తుంది. మన చేతిలో పదునైన ఆయుధం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం. అయితే నేరం చేసినవాడు ఎస్.సి., ఎస్.టి. కానివాడైతేనే అది పనిచేస్తుంది. హాస్టలు వార్డెను, ట్యూటరు, కామాటి, వాచ్‌మన్ చాలా చోట్ల మనవాళ్లే. బోర్డింగు నడిపే పాస్టరుగారు మనవాడే. అప్పుడు ఆ చట్టం నోరు మెదపదు. చట్టంతో పాటు మనమూ మెదపం. 2012 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చిన పోక్సో చట్టానికి ఆ అడ్డు లేదు. హాస్టలు, బడి సిబ్బంది చేస్తే తీవ్రమైన నేరంగా చూస్తుంది, తెలిసీ చెప్పని సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు వెయ్యొచ్చు. ఆ చట్టంలో గడువు లేదు.

కానీ 2012కి ముందు జరిగినదానికి పోక్సో వర్తించదు. పాత శిక్షాస్మృతే దిక్కు. మామూలు దెబ్బలకి ఏడాది శిక్ష గాబట్టి కేసుకి గడువు కూడా ఏడాదే. న్యాయం కోసం గడువు దాటినా కేసు తీసుకునే అధికారం కోర్టుకి ఉంది గానీ, పేటలోంచి వెళ్లినవాడు ఆ మాట అనిపించుకోవడం అంత తేలిక కాదు. మగపిల్లాడికి జరిగిందానికి 377 తప్ప మరో సెక్షను లేదు. ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 దాకా పనిచేసిన రాయల్ కమిషను ముందుకి వచ్చినవాళ్లు, తమకి జరిగింది మొదటిసారి ఎవరికైనా చెప్పడానికి సగటున 23.9 ఏళ్లు పట్టిందని తేలింది. లెక్క వెయ్యండి. 1990ల్లో రాజోలులోనో, కొత్తపేటలోనో హాస్టల్లో ఉన్న కుర్రాడికి నోరు పెగిలే వయసు ఇప్పుడొచ్చింది. అప్పటికి దెబ్బల కేసుకి గడువు పోయి ఇరవై ఏళ్లు.

ఇంకో మెలిక. బాలల న్యాయ చట్టం కింద అనాథశాలలు, బాలల గృహాలు నమోదు కావాలి, బయటి కమిటీలు వచ్చి చూడాలి. సుప్రీంకోర్టు 2017 మే 5న ఇచ్చిన తీర్పులో ఆ నమోదు ఏడాది చివరికల్లా పూర్తి చెయ్యమంది. సాంఘిక సంక్షేమ హాస్టలు ఆ లెక్కలోకి రాదు. దాన్ని నడిపేదీ, తనిఖీ చేసేదీ ఒకటే శాఖ. అత్తగారి మీద ఫిర్యాదు అత్తగారికే చెప్పుకోవాలి.

నేను ఈ మాటలు ఒక సభలో అన్నప్పుడు, నాకు గురువులాంటి పెద్దాయన పక్కకి పిలిచి, ‘ఇప్పుడివి ఎత్తితే హాస్టళ్లు మూసేస్తారయ్యా, ప్రైవేటుకి ఇచ్చేస్తారు, అదే కావాలా నీకు’ అన్నారు. ఇంకొకాయన, ‘క్రైస్తవ సంస్థల మీద దాడి చెయ్యడానికి కాచుక్కూచున్నవాళ్లకి కత్తి అందిస్తున్నావు’ అన్నాడు. ఇవి తీసిపారేయాల్సిన మాటలు కావు. పిల్లల మీద ప్రేమ లేనివాళ్లు పిల్లల పేరు వాడుకుని మన సంస్థల్ని కూల్చడం నిజంగా జరుగుతుంది. హాస్టలు లేకపోతే లంకలోని పిల్లకి చదువే లేదని పైన నేనే రాశాను. అయినా నా జవాబు ఒకటే. మనం చెప్పకపోతే వాళ్లు చెబుతారు, వాళ్ల అవసరానికి వాళ్లు చెబుతారు. హాస్టల్ని కాపాడాలనుకునేవాడు హాస్టల్లో చదివినవాడే అయి ఉంటాడు గాబట్టి, మాట్లాడే అర్హత కూడా ముందు వాడిదే. ఐర్లండులో అనాథశాలల గురించి మాట్లాడింది క్రైస్తవ ద్వేషులు కాదు, వాటిల్లో ప్రార్థనలు నేర్చుకున్న పిల్లలే. ‘మనవాడు’ అనే మాట గురించి మాత్రం నాకు ఓపిక తక్కువ. ఆ రాత్రి గదిలోంచి లేచి వెళ్లిన కుర్రాడు ఎవరివాడు?

కోనసీమలో పేరు కోసం మనం ఎంత దూరం వెళ్లామో తెలిసిందే. 2022 మే 24న అమలాపురం తగలబడింది. జిల్లాకి అంబేద్కర్ పేరు నిలబడింది. నిలబడాల్సిందే. ఆ పేరు మీద రాయి వేసినవాళ్ల గురించి వందల వ్యాసాలు రాశాం. ఆ పేరు రాసి ఉన్న గోడ లోపల, ఆయన ఫొటో కింద పడుకునే పిల్లల గురించి ఎన్ని రాశాం? ఏప్రిల్ 14న పాత విద్యార్థుల కలయికలు జరుగుతాయి. టీచర్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఎస్సైలు, గల్ఫు నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు. ఫ్లెక్సీలు, పులిహోర, పాత వార్డెనుగారికి శాలువా. ఈ కలయికలే ఆ పని చెయ్యగల సంస్థలని నేనంటాను. ప్రతి హాస్టలుకీ పాతవాళ్లున్నారు, ఎవరి మొహం ఎవరికీ కొత్త కాదు. శాలువా కప్పడానికి ముందు, మైకు ఆపేసి, ఒక గదిలో, రాసుకోకుండా, వినడానికి ఒక గంట. నేరం పేరు పెట్టి చెప్పాలనుకున్నవాళ్లకి పక్కన లాయరు. చెప్పకూడదనుకున్నవాళ్లని ఎవరూ గుచ్చి అడగకూడదు. ఇప్పుడు ఆ హాస్టల్లో ఉన్న పిల్లల దగ్గరికి నెలకోసారి వెళ్లేవాళ్లు ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, శాఖ జీతగాళ్లు కానివాళ్లు. నేను చెప్పే ప్రయత్నం ఇంతే, పెద్దదేమీ కాదు. దీనికి జీవో అక్కర్లేదు. మనం ఏడుగురం కళ్లు తెరిస్తే చాలు.

ఆ కుర్రాణ్ణి నేను మొన్న వెతికి పట్టుకున్నాను. మస్కట్‌లో డ్రైవరు. ఇలా రాద్దామనుకుంటున్నాను అంటే చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ‘రాసుకో, నా పేరెట్టకు, ఊరెట్టకు’ అన్నాడు. ఇంకేం చెబుతాడా అని ఆగాను. ‘రాస్తే మూసేస్తారంటావా?’ అని అడిగాడు. ఎందుకురా అంటే, వాళ్లమ్మాయి ఈ ఏడు ఎనిమిదో తరగతట. హాస్టల్లోనే ఉందట.